కిలోకు ఆరు గ్రాముల జ్ఞానం

మన తాతముత్తాతలు మనకు చేసిన ద్రోహాల్లోకెల్లా పెద్దది 'తగినంత' అనే మాట. స్వదేశీ జ్ఞాన పరిరక్షణ సంస్థలో చేరేదాకా ఈ సంగతి నాకు తెలియదు. అంతవరకూ మా ఆవిడ "ఉప్పు తగినంత, నూనె తగినంత" అని వంటల పుస్తకం పైకి చదువుకుంటుంటే అది వంటే అనుకునేవాణ్ణి. కాదనీ, అది డేటా లోపమనీ మా ఆఫీసు ప్రణవ్ చెప్పాక కళ్లు తెరుచుకున్నాయి.

ముందు మా సంస్థ గురించి చెప్పాలి. ఈ రాష్ట్రంలో పల్లెల్లో, కొండల మీద, సముద్రం ఒడ్డున జనం బుర్రల్లో బోలెడు జ్ఞానం పడివుందనీ, ఆ బుర్రలు ఎప్పటికైనా కాటికి పోయేవే కాబట్టి దాన్ని అర్జెంటుగా కంప్యూటర్లోకి తరలించాలనీ పైవాళ్లెవరికో ఒక సదస్సులో భోజనాలయ్యాక తట్టింది. తట్టడమే ఆలస్యం, భవనం వచ్చింది, లోగో వచ్చింది, కార్లు వచ్చాయి, చివర్లో ఒక పోర్టల్ కూడా వచ్చింది. దాని పేరు 'జ్ఞానభాండం'. ఆ పేరు పెట్టిన పెద్దమనిషికి శాలువా కప్పారు. ఇక నా ఉద్యోగం అనువాదం. ఇంగ్లీషులో పుట్టిన ఉత్తర్వుల్ని ఎవరికీ అర్థంకాని తెలుగులోకి మార్చాలి. జనం మాట్లాడే తెలుగుని మా ఆఫీసుకి అర్థమయ్యే తెలుగులోకి మార్చాలి. మొదటి పని నిద్రలో కూడా చేస్తాను. రెండోదే చచ్చే చావు.

మా సంచాలకులు పరాంకుశం గారు నోరు తెరిస్తే ఫైలు తెరిచినట్టే ఉంటుంది. మంచినీళ్లు కావాలంటే "తాగునీటి విషయమై తగు చర్య గైకొనవలసినది" అన్న ధోరణిలోనే అడుగుతారు. ఆయన గదిలో గోడంత తెర ఒకటి పెట్టించారు. ఊరూరా జ్ఞానం నమోదయ్యే కొద్దీ అందులో అంకె పెరుగుతుంది. మంత్రిగారు వచ్చినప్పుడు దాని ముందు నిలబడి ఫొటో దిగాలని ఏర్పాటు. తీరా చూస్తే అంకె సున్నా దగ్గర చతికిలబడి లేవనంది.

"ఈ శూన్యతకు కారణమేమి?" అన్నారు పరాంకుశం గారు.

ప్రణవ్ లేచాడు. సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటు. తెల్ల బూట్లు, చేతిలో ఎప్పుడూ ఒక కాఫీ కప్పు. "సార్, ఫారంలో పరిమాణం అని ఒక గడి ఉంది. తప్పనిసరి గడి. అందులో అంకెలే పడతాయి. జనమేమో 'తగినంత' అంటున్నారు. సిస్టమ్ తోసేస్తోంది."

"ఎవరా అన్నది?"

"అందరూ సార్. పశువుల మందు చెప్పే ఆయన అన్నాడు. నీలిరంగు అద్దే ఆవిడ అంది. సున్నం గానుగ మేస్త్రీ అన్నాడు. ఒకరికొకరు తెలియదు, ఊళ్లు కూడా వేరు. అయినా ఒకటే మాట. ఎవరో ట్రైనింగ్ ఇచ్చినట్టుంది సార్."

"వ్యవస్థీకృతమైన సహాయ నిరాకరణ," అని తేల్చారు పరాంకుశం గారు.

నా నోరు ఊరుకోదు కదా. "ఆ గడిలో అక్షరాలు కూడా పట్టేట్టు మారిస్తే సరిపోతుందేమోనండీ," అన్నాను.

ప్రణవ్ నా వంక జాలిగా చూశాడు. "అది ఆర్కిటెక్చర్ సార్. గడి ముట్టుకుంటే మళ్లీ టెండర్ పిలవాలి."

టెండర్ అనగానే గదిలో అందరూ కాస్త ఒదిగి కూర్చున్నారు. పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "గడి ప్రభుత్వ ఆస్తి. దాని జోలికి పోరాదు. జ్ఞానమన్నది ప్రజల వద్ద ఉచితంగా లభ్యమగుచున్నది. కనుక మార్చదగినది ఏదో మీరే గ్రహించండి," అన్నారు. అందరం గ్రహించాం.

అలా తగినంత నిర్ధారణ కమిటీ పుట్టింది. తూనికలు, కొలతల శాఖలో రిటైరైన అధికారి ఒకరు, వ్యాకరణ పండితులు ఒకరు, హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ ప్రిన్సిపాలు ఒకరు సభ్యులు. అధ్యక్షులు పరాంకుశం గారే. ఉప్పో సున్నమో నిజంగా వేసేవాళ్లని ఒక్కరినైనా పిలుద్దామని ఎవరో అంటే, వాళ్లు ఇందులో స్వప్రయోజనం ఉన్నవాళ్లు కాబట్టి నిష్పాక్షికత దెబ్బతింటుందని కొట్టేశారు.

మొదటి రోజు పండితుల వారు మాట్లాడారు. "తగిన, అంత అని ఇవి పూర్వం రెండు మాటలు. నడుమ సంధి జరిగి అకారం లోపించింది. ఆ లోపించిన అకారంతో పాటే పరిమాణం కూడా లోపించి ఉండవచ్చునని నా అభిప్రాయం," అన్నారు. ఆ అభిప్రాయాన్ని మినిట్స్‌లో రాసుకుని జీడిపప్పు పకోడీ తిన్నారు. రెండో రోజు తూనికల అధికారి తన సర్వీసులో పట్టుకున్న దొంగ కాటాల గురించి చెప్పారు. ఆ రోజు మైసూరుపాకు.

ఇలా లాభం లేదు, ప్రయోగం చెయ్యాల్సిందేనని గెస్టుహౌసు వంటవాడి చేత సొరకాయ పులుసు మూడు గిన్నెల్లో మూడు రకాల ఉప్పుతో చేయించారు. ఇక్కడొక చిన్న విషయం చెప్పాలి. ఆ మధ్యే పరాంకుశం గారికి రక్తపోటు బయటపడి, ఉప్పు ముట్టుకుంటే నా దగ్గరికి రావద్దని డాక్టరు బెదిరించాడు. మొదటి గిన్నె రుచి చూసి ఆయన దగ్గారు. రెండోది చూసి డ్రైవర్ని మాత్ర తెమ్మన్నారు. మూడోది పథ్యం వాళ్ల కోసం కలిపిన చప్పిడి. దాన్ని చప్పరించి, కళ్లు మూసుకుని, "ఇదీ తగినంత!" అన్నారు.

మిగతావాళ్లూ తిన్నారు. ప్రిన్సిపాలు గారు గ్లాసెడు నీళ్లు తాగి "చాలా సమతుల్యంగా ఉంది," అన్నారు. పండితుల వారు "అవును, సంధి కుదిరింది," అన్నారు. ఆ గిన్నెలో పడ్డ ఉప్పుని లెక్కగట్టి కిలోకు ఆరు గ్రాములని ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఉత్తర్వు వెలువడింది. 'స్వదేశీ జ్ఞాన నమోదు నిమిత్తము రాష్ట్రమంతటా తగినంత అనగా కిలోకు ఆరు గ్రాములని గ్రహించవలెను.' ఉప్పుకని విడిగా రాయలేదు. రాస్తే పసుపుకొకటి, బెల్లానికొకటి మళ్లీ కమిటీలు వెయ్యాలి. అంచేత సున్నం, పేడ, నీలిమందు అన్నీ ఆరు గ్రాములే అయ్యాయి. మట్టిగోడ కట్టే మేస్త్రీ కిలో మట్టికి ఆరు గ్రాముల నీళ్లు పోస్తున్నట్టు నమోదైంది. ఒక ఉద్యోగ సంఘం తమ ఆఫీసులో తగినంత సిబ్బంది లేరని అర్జీ పెట్టుకుంటే, తూకం ప్రకారం చూస్తే ఎక్కువే ఉన్నారని ఆర్థిక శాఖ జవాబు రాసింది. గోడ మీద తెరలో మాత్రం అంకె పరుగులు తీసింది. మంత్రిగారు వచ్చి ఫొటో దిగారు.

ఆ ఊపులోనే మేం గుల్లలపేట వెళ్లాం. ఉత్తరాంధ్ర తీరంలో మత్స్యకారుల పల్లె. అక్కడ ఉప్పుచేప వెయ్యడంలో సూరాడ కొర్లమ్మకి పెట్టింది పేరు. మెట్ట ప్రాంతంలో జరిగే గురువారం సంతలో రేకు కింద ఒక మూల ఆవిడ చోటు. కొండల మీంచి దిగొచ్చేవాళ్లు సైతం వాసన చూడకుండా, బేరం ఆడకుండా ఆవిడ వంజరం ముక్కలు కొనుక్కుపోతారు. కొడుకు గుజరాతు బోట్ల మీద పనికెళ్లాడు, ఎప్పుడు డబ్బు పంపుతాడో అతనికే తెలియదు. ఇల్లు నడిచేది ఆ సంత మూల మీదే. ఇప్పుడు ఆ రేకులు పీకి సిమెంటు అరుగులు కడుతున్నారు. 'స్వదేశీ జ్ఞానధారి' కార్డు ఉన్నవాళ్లకే అరుగు. ఆ కార్డు ఇచ్చేది మేం.

కొర్లమ్మ మా కోసం పట్టుచీర కట్టుకుని, ముక్కుకి రెండువైపులా పుడకలు పెట్టుకుని, సింహాసనం మీద కూర్చున్నట్టు తిరగేసిన తొట్టి మీద కూర్చుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లని దగ్గరికి రానివ్వలేదు. "మీకేటి తెల్దు, ఎళ్లండెళ్లండి. బావులు నాకోసం వొచ్చినారు," అని తరిమేసింది. కోడలు గౌరీసు మాత్రం వెనకాల నిలబడి ముసిముసిగా నవ్వుతోంది.

డేటా ఆపరేటరు పృథ్వీధర్ ట్యాబ్ తెరిచాడు. కాంట్రాక్టు ఉద్యోగి, నెమ్మదైనవాడు.

"కిలో చేపకి ఎన్ని గ్రాముల ఉప్పు వేస్తారమ్మా?"

"గ్రాములేటి బావు? బంగారం అమ్ముతన్నానేటి నాను?"

"పోనీ, ఎంత వేస్తారు?"

"తగినంత."

పృథ్వీధర్ నా వైపు చూశాడు. నేను అందుకున్నాను. "అంటే కొర్లమ్మగారూ, ఆ తగినంత ఎలా తెలుస్తుంది మీకు?"

"సేప ఒళ్లెలాగుందో సూడాల కదా బావు. కొవ్వట్టిన సేపకి ఓలాగ, బక్కదానికి ఓలాగ. పడమట గాలేస్తే ఓలాగ, మబ్బట్టిందంటే మరోలాగ. సెయ్యెడితే ఉప్పే సెప్తాది, ఇంక సాలమ్మా అని."

"ఏమంటోంది?" అన్నాడు ప్రణవ్.

"ఉప్పు చెబుతుందట."

"ఏ ఫార్మాట్‌లో?" అన్నాడు ప్రణవ్. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

పృథ్వీధర్ ఉత్తర్వు ప్రకారం గడిలో ఆరు కొట్టాడు. ట్యాబ్ ఆకుపచ్చగా వెలిగింది.

"ఏటి కొట్టినావు బావు?" అంది కొర్లమ్మ మెడ చాచి.

"ఆరు."

"ఆరేటి? ఆరు దోసిళ్లా?"

"ఆరు గ్రాములమ్మా. తగినంత అంటే ఆరు గ్రాములని జీవో వచ్చింది."

కొర్లమ్మ పడీపడీ నవ్వింది. కోడల్ని పిలిచి ఆరు గ్రాములంటే ఎంతో వేళ్లతో చూపించమంది. చూపించాక ఇంకా నవ్వింది. "సర్లే, మీ కాయితం మీ ఇష్టం. కార్డిత్తారా, ఇవ్వరా? అది సెప్పండి ముందు," అంది. వేలిముద్ర వేసింది, శాలువాతో ఫొటో దిగింది. వెళ్లేటప్పుడు పరాంకుశం గారికని వంజరం ముక్కలు ఆకులో చుట్టి ఇచ్చింది. ఆయన తినలేదు, రక్తపోటు కదా. డ్రైవరు తిన్నాడు, ఆ రుచి గురించి దారిపొడుగునా చెబుతూనే ఉన్నాడు.

కార్డు అంత తేలిగ్గా రాదు. నమోదు చేసిన జ్ఞానమూ మనిషి చేసే పనీ ఒకటేనా కాదా అని చూడ్డానికి సరిపోలిక తనిఖీ అని ఒకటుంది. దానికి ఎలక్ట్రానిక్ కాటా పట్టుకుని ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు వెళ్లారు. దుబాసీగా నేనూ వెళ్లాను. కొర్లమ్మ చేప చీల్చి, కడిగి, రెండు చేతులతోనూ గల్లుప్పు ఎత్తి కుమ్మరించింది. కాటా కీచుమంది.

"ఆగండాగండి! మీరు మీ పద్ధతిని ఉల్లంఘిస్తున్నారు," అన్నాడు ఒక ఇన్‌స్పెక్టరు.

"నా పద్దతి నానెలాగ ఉల్లంగిత్తాను బావు?"

"రికార్డులో కొర్లమ్మ పద్ధతి ఆరు గ్రాములు. మీరు వేసింది చూడండి, దోసిళ్లకు దోసిళ్లు. ఇది కొర్లమ్మ పద్ధతి కాదు."

"మరి కొర్లమ్మెవులు? నాను కాదేటి?"

"అది సిస్టమ్ చెప్పాలి," అని అతను ట్యాబ్‌లో నొక్కాడు. సిస్టమ్ చెప్పింది. 'ఈ వ్యక్తికి ఈ వ్యక్తి యొక్క జ్ఞానం లేదు.'

వారం తిరక్కుండానే నోటీసు వెళ్లింది. దాన్ని ఎంత మెత్తగా రాద్దామన్నా కుదరలేదు. 'సూరాడ కొర్లమ్మ అను నామధేయముతో చలామణి అగుచు, సూరాడ కొర్లమ్మ యొక్క సంప్రదాయ జ్ఞానమునకు విరుద్ధముగా ప్రవర్తించుచున్నందున, రికార్డు ప్రకారము తయారుచేసిన నమూనాతో స్వయముగా హాజరై సంజాయిషీ ఇచ్చుకొనవలెను.'

ఆవిడ హాజరైంది. బస్సువాళ్లు రెండుచోట్ల దించేశారట. చేతిలో మూతపెట్టిన అల్యూమినియం డబ్బా ఉంది. ఆవిడ మెట్లెక్కుతుంటేనే కింద అంతస్తు ఖాళీ అయిపోయింది. మీటింగు హాల్లోకొచ్చి, "ఇదిగో బావు, మీ ఆరు గ్రాములు," అని టేబుల్ మీద పెట్టి మూత తీసింది.

ఆ వాసన నేను వర్ణించను. పండితుల వారు కిటికీ దగ్గరికి పరుగెత్తారు. ప్రణవ్ కాఫీ కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడిపోయాడు. పరాంకుశం గారు మాత్రం కుర్చీ వదల్లేదు. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, నమూనాకి జతచేసిన తూకం చీటీ చదివి, తలాడించారు.

"ఈ నమూనా పరిమాణపరంగా అత్యంత సంతృప్తికరముగా ఉన్నది."

"కుళ్లిపోనాది బావు! పురుగులట్టీసినాయి!"

"పురుగులకు ఫారంలో గడి లేదు. వాసనకు సైతము లేదు. లేని గడుల గురించి ఈ సమావేశం చర్చించజాలదు."

కొర్లమ్మ అందరి మొహాలూ ఒకసారి చూసింది. వచ్చేటప్పుడున్న దూకుడు కొంచెం తగ్గింది. "నాకు మీ గొడవలొద్దు బావు. కార్డొద్దు, సాలువా ఒద్దు. సంతలో నా మూల నాకిచ్చీండి. అక్కడే కూకుని నలుగురికీ అమ్ముకుంటాను. మా అత్త కూకున్న మూల అది. అదొక్కటీ ఇచ్చీండి సాలు," అంది. గొంతు పెంచలేదు. అంత పెద్ద నోరున్న మనిషి అలా బతిమాలుతుంటే నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. డబ్బా వల్ల కాదు.

"అరుగు జ్ఞానధారికి మాత్రమే. జ్ఞానధారి ఎవరన్నది ఇప్పుడు శాస్త్రీయంగా తేలుతుంది," అన్నారు పరాంకుశం గారు. ప్రణవ్ తెర వెలిగించాడు. రికార్డులో ఉన్న జ్ఞానంతో నూటికి నూరుపాళ్లూ సరిపోలే వ్యక్తి ఎవరో సిస్టమ్‌లో వెతికాడు. కొర్లమ్మ పద్ధతిలోని ప్రతి గడికీ అక్షరం పొల్లుపోకుండా జవాబు తెలిసిన మనిషి రాష్ట్రం మొత్తంలో ఒక్కడే తేలాడు. పృథ్వీధర్.

తేలక ఏం చేస్తాడు, గడులు నింపింది అతనే కదా.

మూల నిలబడివున్న పృథ్వీధర్ హడలిపోయాడు. "సార్, నేను శాకాహారిని సార్!"

"అది మీ వ్యక్తిగత విషయము. జ్ఞానానికి ఆహారపు అలవాట్లు అడ్డు రాకూడదు," అన్నారు పరాంకుశం గారు. చప్పట్లు కొట్టారు. పృథ్వీధర్‌కి ఉప్పుచేపల జ్ఞానధారి కార్డు ఇచ్చారు. జీతం బకాయిలకు బదులుగా సంత అరుగు కూడా అతని పేర రాశారు. కొర్లమ్మ దరఖాస్తు మీద 'అసలు వ్యక్తి లభ్యమైనందున తిరస్కరించడమైనది' అని ముద్ర పడింది.

ధ్రువీకృత ఉప్పుచేప తొలి అమ్మకం మీద నివేదిక కావాలన్నారు. గురువారం సంతకి నేనే వెళ్లాను. కొత్త అరుగు మీద వినైల్ బ్యానరు కట్టారు. 'అసలైన కొర్లమ్మ పద్ధతి. ప్రభుత్వ ధ్రువీకృతం.' బ్యానరు మీద శాలువాతో కొర్లమ్మ ఫొటో. దాని కింద పృథ్వీధర్ ముక్కుకి మాస్కు, చేతులకి గ్లవుసులతో, ఏడుపుమొహం పెట్టుకుని, ఆరు గ్రాముల లెక్కన ఊరేసి సీలు వేసిన చేప పొట్లాల మీద ఈగలు తోలుతున్నాడు. కొండల మీంచి వచ్చినవాళ్లు ఫొటో చూసి, ఎప్పట్లాగే వాసన చూడకుండా కొనేశారు. పొట్లం విప్పాక మొదలైంది. "ముండ, పేరొచ్చీసరికి బుద్ది పాడైపోనాది," అన్నాడొకాయన. "ఇంత దొంగదని అనుకోలేదే," అందొకామె. తిట్లూ ఉమ్ములూ అన్నీ ఫొటోకే. పృథ్వీధర్‌ని ఎవరూ ఏమీ అనలేదు, పాపం కుర్రాడు కూలికొచ్చాడనుకున్నారు.

కొర్లమ్మ రోడ్డుకి ఇవతల, దుమ్ములో, తన తొట్టి పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ తిట్లన్నీ ఆవిడకి వినిపిస్తూనే ఉన్నాయి. లేచి, "అది నాది కాదు! ఇది నాది, ఇదిగో సూడండి, వాసన సూడండి!" అని అరిచింది. ఇద్దరు ముగ్గురు అటు తిరిగారు కూడా. ఈలోగా మార్కెట్ కమిటీ వాళ్లు వచ్చారు. కార్డు లేకుండా స్వదేశీ ఉత్పత్తి అమ్మడం, పైగా కొర్లమ్మ పేరు అనుమతి లేకుండా వాడుకోవడం నేరమన్నారు. ఎండలో తెల్లగా మెరుస్తున్న మంచి వంజరం ముక్కల్ని తొట్టితో సహా ఎత్తి మురిక్కాలవలో గుమ్మరించి పైన బ్లీచింగ్ పౌడరు చల్లారు. నేను అడ్డం పడ్డాను. "మీరు ఆ సంస్థ మనిషే కదండీ, రూలు మీదే కదా?" అని వాళ్లు మర్యాదగానే అడిగారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పౌడరు తీసుకెళ్లి మా ఆఫీసు మెట్ల మీద నించి చల్లుకుంటూ పోవాలనిపించింది.

కొర్లమ్మ ఖాళీ తొట్టి తీసి బోర్లించి దులిపి నెత్తిన పెట్టుకుని బస్సు వైపు నడిచింది.

ఆ తర్వాత వర్షాలు వచ్చాయి, పోయాయి. మూల్యాంకనం అని మళ్లీ గుల్లలపేట పంపారు. జ్ఞానం భద్రంగా ఉందో లేదో అడిగి రావాలి. ఊరు ఊరుగానే ఉంది కానీ ఆ ఊరి వాసన లేదు. కార్డు లేకుండా అమ్మితే కాలవపాలేనని మిగతా ఆడవాళ్లు కూడా ఉప్పు వెయ్యడం మానేశారు. పడవలొచ్చిన చోటే ఐసు లారీ నిలబడి ఉంది. పడ్డ చేప పడ్డట్టే లారీవాడు చెప్పిన ధరకి అందులోకి పోతోంది. కొర్లమ్మ ఇంటి ముందు తొట్లలో సిమెంటు బస్తాలు పెట్టుకున్నారు.

గౌరీసు నెత్తికి ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని రొయ్యల కంపెనీ బస్సు కోసం నిలబడి ఉంది. "మీరైనా నేర్చుకోలేదా అమ్మా, ఉప్పు వెయ్యడం?" అని అడిగాను.

"అడిగినాను బావుగారు. శానాసార్లు అడిగినాను. మా అత్త సెప్పదు. నాకు రాదంతాది." బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

కొర్లమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి కూర్చోమని పీట వేసింది, ఆ మర్యాద మాత్రం మానలేదు. నేను కాగితాలు బయటికి తియ్యలేదు. "కోడలికి నేర్పొచ్చు కదమ్మా. ఇంట్లోకైనా పనికొస్తుంది," అన్నాను.

"నాకు రాదు బావు."

"మీకు రాకపోవడమేమిటి?"

"రాదని మీ మిసనీ సెప్పింది కదా. అందరి ముందరా సెప్పింది. సంతలో నా మొకం మీద ఉమ్మేసినారు. ఇంకొకరికి నేర్పి, దాని మొకం మీద కూడా ఉమ్మించమంతారా? మీ కాడ ఉందన్నారు. మీ కాడే ఉండనీండి. నాకు రాదు, రాసీసుకోండి."

ఆవిడ సముద్రం వైపు తిరిగి కూర్చుంది. నన్ను నాలుగు తిట్టినా బాగుండును. తిట్టలేదు.

ఆఫీసుకొచ్చి ఉన్నది ఉన్నట్టు రాశాను. మెత్తగా కాదు, అనువాదంలా కాదు. గుల్లలపేటలో ఉప్పుచేప వెయ్యడం తెలిసి చేసేవాళ్లు ఇప్పుడు ఒక్కరు కూడా లేరు, నేర్చుకునేవాళ్లూ లేరు, దానికి కారణం మనమే అని రాశాను. కోపగించి ఉద్యోగం పీకేస్తారని సిద్ధపడి మరీ సంచాలకుల చేతికిచ్చాను.

పరాంకుశం గారు నివేదిక రెండుసార్లు చదివారు. మొహం విప్పారింది. కుర్చీలోంచి లేచొచ్చి నా భుజం తట్టారు.

"అనగా సదరు జ్ఞానం ఇప్పుడు మన వద్ద తప్ప భూమండలం మీద మరెవ్వరి వద్దా లేదు. దొంగిలించుటకు వీలు లేదు, కల్తీ చేయుటకు వీలు లేదు, మరచిపోవుటకు మనిషే లేడు. ఇదయ్యా సంపూర్ణ పరిరక్షణ అంటే! మిగతా పల్లెలన్నింటినీ ఏడాది తిరిగేలోగా ఈ స్థాయికి తీసుకురావాలి," అన్నారు.

తర్వాత గోడ మీది తెర వైపు తిరిగి, గుల్లలపేట పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగేదాకా చూసి, నన్నడిగారు.

"తర్వాతి ఊరేదయ్యా?"